ఆకుల మిషన్ కేసులో నాలుగో జ్యూరర్

నాకు అమెరికా పౌరసత్వం వచ్చిన రెండేళ్ళకి ఈ దేశం మొదటిసారి నా అభిప్రాయం అడిగింది. ఓటు సంగతి వదిలేయండి, అది అందరినీ అడుగుతారు. ఇది ప్రత్యేకంగా నా పేరు మీద, కవరులో పెట్టి, రాకపోతే శిక్ష తప్పదని అడుగున చిన్న అక్షరాల్లో రాసి మరీ అడిగారు. జ్యూరీ డ్యూటీ. ఫలానా సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకల్లా కోర్టులో ఉండాలి.

మా ఆయన ఆ కాగితం చదివి, నాకేదో జబ్బు బయటపడ్డట్టు మొహం పెట్టాడు. సాయంత్రానికల్లా మా తెలుగువాళ్ళ గ్రూప్ చాట్‌లో చికిత్సలు మొదలయ్యాయి. ఇంగ్లీషు రాదని చెప్పెయ్యమని ఒకాయన. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషులో బగ్ రిపోర్టులు రాసుకుని బతుకుతున్నదాన్ని, ఆ మాట ఇంగ్లీషులో చెప్పి రావాలన్నమాట. పోలీసులంటే పడదని చెప్పమని ఇంకొకావిడ. పోలీసులంటే ప్రాణమని చెప్పినా పంపించేస్తారని ఆవిడ భర్త. వీళ్ళలో ఒక్కరూ కోర్టు గుమ్మం తొక్కినవాళ్ళు కారు. పౌరసత్వ పరీక్షలో మాత్రం, జ్యూరీలో పనిచేయడం పౌరుల బాధ్యత అని అధికారి ముందు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి వచ్చినవాళ్ళమే అందరం.

మా ఊరు రెడ్‌మండ్‌కి ఇరవై నిమిషాల దూరం. చిన్న ఊరే అయినా సొంత కోర్టుంది, సొంత పోలీసు శాఖ ఉంది. వాళ్ళు ఖాళీగా కూర్చోకుండా మేమందరం శాయశక్తులా పాటుపడుతుంటాం. ప్రతి తలుపుకీ కెమెరా, ప్రతి ఫోన్‌లోనూ ఇరుగుపొరుగు యాప్. పొద్దున లేవగానే నేను మొదట చూసేది దాన్నే. అనుమానాస్పద వ్యక్తి ఒకడు ఇల్లిల్లూ తిరుగుతున్నాడని ఎవరో రాస్తారు. పదిహేను మంది తలుపులు గడియ పెట్టుకున్నామని జవాబిస్తారు. తీరా చూస్తే ఆయన నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగి. ఒకసారి పెరట్లో పిల్లి అన్నం మాయమైందని ఒకావిడ మూడు కోణాల్లోంచి వీడియో పెట్టింది. దొంగ రకూన్ అనే ఇక్కడి అడవి జంతువు. అది కెమెరా వైపు తిరిగి చేతులు తుడుచుకుంది కూడా. పోలీసులకి చెప్పారా అని అడిగినవాళ్ళు ఉన్నారు. నేను ఆ పోస్టుకి లైక్ కొట్టాను.

సరే, సోమవారం వచ్చింది. కోర్టులో సుమారు ముప్పై మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి జ్యూరీ గొప్పదనం మీద వీడియో వేశారు. రెండు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో పట్నం వీధుల్లో జేబురుమాలు కొట్టేసినవాణ్ణి కూడా ఓడ ఎక్కించి సముద్రాల అవతలికి పంపేసేవారని, అలాంటి రోజుల నుంచి మనం ఎంత దూరం వచ్చామో చూడండని అందులో ఒక పెద్దమనిషి గంభీరంగా చెప్పాడు. దొంగతనం చేస్తే సముద్రం దాటించేవారట. మేము పరీక్షలు రాసి, వీసా క్యూలో నిలబడి, సొంత ఖర్చుతో దాటాం. ఏ నేరానికో ఎవరూ చెప్పలేదు.

తర్వాత మమ్మల్ని జడ్జి గారి ముందుకి తీసుకెళ్ళారు. అరవై దాటిన ఆవిడ, పొట్టి తెల్లజుట్టు, ముక్కు కొస మీద కళ్ళజోడు. జ్యూరీలో కూర్చోవడానికి ఎవరికైనా నిజమైన ఇబ్బంది ఉందా అని అడిగారు. నేను చెయ్యెత్తి, గురువారం నాకు రిలీజ్ ఉందని చెప్పాను. ఆవిడ కాగితాలు తిరగేసి, ఎవరి రిలీజ్ అని అడిగారు. నా మనిషెవరో జైల్లో ఉన్నాడనుకున్నారు పాపం. మా సాఫ్ట్‌వేర్‌ది అన్నాను.

"మీరు లేకపోతే అది ఆగిపోతుందా?"

"ఆగిపోతుందండీ."

"ఇంతకుముందు ఎప్పుడైనా ఆగిందా?"

ప్రమాణం చేసి ఉన్నాను కాబట్టి నిజం చెప్పక తప్పలేదు. మేము చెప్పిన తేదీకి ఇంతవరకూ ఒక్క రిలీజూ వెళ్ళలేదన్నాను. అయితే ఈసారి కూడా ఫరవాలేదన్నారు ఆవిడ.

ఆ తర్వాత లాయర్లు ప్రశ్నలు వేశారు. మీలో దొంగతనానికి గురైనవాళ్ళు ఎవరంటే దాదాపు అందరి చేతులూ లేచాయి. ఒకాయన మూడు పార్శిళ్ళు పోగొట్టుకున్నాడు, మూడోదాంట్లో కూతురి పుట్టినరోజు బూట్లున్నాయట. అయినా నిష్పక్షపాతంగా ఉండగలను అన్నాడు. తీసుకున్నారు. పోలీసు మాటని మామూలు మనిషి మాటకన్నా ఎక్కువ నమ్ముతారా అని నన్నడిగారు. నా చిన్నప్పుడు మా వీధిలోకి పోలీసు వస్తే, ఏం జరిగినా ఏమీ జరగలేదని చెప్పడమే పెద్దలు మాకు నేర్పింది. అది ఇక్కడ చెబితే అనువాదంలో పాడవుతుందనిపించి, అందర్నీ సమానంగా నమ్ముతానన్నాను. లాయర్లిద్దరూ ఒకేసారి నవ్వారు. నేను నాలుగో జ్యూరర్‌ని అయిపోయాను.

మా రాష్ట్రంలో చిన్న నేరాలకి జ్యూరీ ఆరుగురే, తీర్పుకి ఆరుగురూ ఒక్కమాట మీదకి రావాలి. మాలో ముఖ్యులు ముగ్గురని చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరైన ఒక నల్లజాతి పెద్దావిడ, బూట్లు పోగొట్టుకున్న తండ్రి, నేను. మిగతా ముగ్గురూ మంచివాళ్ళు, అంటే ఎటు ఎక్కువమంది ఉంటే అటు ఉండేవాళ్ళు.

కేసు ఏమిటో జడ్జి గారు చదివి వినిపించారు. మూడో తరగతి దొంగతనం, అంటే దొంగతనాల్లో అన్నిటికన్నా చిన్నది. పోయిన వస్తువు లీఫ్ బ్లోయర్. లాన్ మీద రాలిన ఆకుల్ని గాలితో పక్కింటివాళ్ళ లాన్ మీదకి ఊదే మిషన్ అది. నేనింకా తుపాకీ ఎప్పుడు వస్తుందా అని వింటున్నాను. రాలేదు. బ్లోయర్ ఒక్కటే.

ముద్దాయి అరవైకి దగ్గరపడుతున్న మనిషి. ఇళ్ళు శుభ్రం చేసే పని. ముదురు నీలం స్వెటర్ వేసుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని, దంతవైద్యుడి దగ్గర పిలుపు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. నవంబరులో ఒక మధ్యాహ్నం ఆవిడ ఒక వీధిలో పని ముగించుకుని వస్తుంటే, ఒక ఇంటి ముందు రోడ్డు అంచున అట్టపెట్టె, ఒక టేబుల్ ల్యాంప్, పిల్లల ప్లాస్టిక్ కుర్చీ కనిపించాయి. పెట్టె మీద ఫ్రీ అని పెద్ద అక్షరాలతో రాసిన అట్ట. ఇక్కడ అది మామూలే. అక్కర్లేని సామాను రోడ్డు పక్కన పెడతారు, కావలసినవాళ్ళు పట్టుకుపోతారు. ఆవిడ ల్యాంపూ కుర్చీ కారులో పెట్టుకుంది. పక్కనే ఉన్న బ్లోయర్ కూడా పెట్టుకుంది. ల్యాంపూ కుర్చీ ఫ్రీ. బ్లోయర్ ఫ్రీ కాదు. అదీ నేరం.

మొదటి సాక్షి ఆ ఇంటాయన. ఇస్త్రీ చొక్కా, మోకాళ్ళ మీద ఫైలు. వాళ్ళ వీధికి కాపలా దళం నాయకుణ్ణని తనే చెప్పుకున్నాడు. ఆయన ఇంటికి నాలుగు కెమెరాలు. వాటిలో ఒకటి ఆ రోజు జరిగినదంతా పట్టింది. పెద్ద తెర మీద వేసి చూపించారు. ముద్దాయి కారు ఆపింది, దిగింది, డిక్కీ తెరిచింది, మూడు వస్తువులూ ఒకదాని తర్వాత ఒకటి తీసుకెళ్ళి పెట్టుకుంది, వెళ్ళిపోయింది. నిమిషం కూడా పట్టలేదు. దాన్ని మాకు నాలుగుసార్లు చూపించారు, ఒకసారి నెమ్మదిగా.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. చూపించినది చూడకుండా దాని వెనకాల ఏముందో చూడటం నా వృత్తిదోషం. మూడోసారికి నాకు లాన్ కనపడింది. ఆకులు ఆ చివర నుంచి ఈ చివరదాకా దుప్పటి పరిచినట్టు ఉన్నాయి. తాను ఆకులు ఊదుతూ, మధ్యలో ఒక్క క్షణం లోపలికి వెళ్ళానని ఇంటాయన చెప్పి ఉన్నాడు. ఎక్కడ ఊదాడో నాకు కనపడలేదు. మా రాష్ట్రంలో సాక్షుల్ని జ్యూరర్లు కూడా కాగితం మీద రాసి ప్రశ్న అడగవచ్చు. నేను రాసి ఇచ్చాను. లాయర్లిద్దరూ జడ్జి దగ్గరికి వెళ్ళి చాలాసేపు గుసగుసలాడుకున్నాక, ఆవిడ దాన్ని చదివారు. వీడియోలో ఆకులు కదిలినట్టు లేవు, అప్పటికి మీరు ఎంతసేపు ఊదారు?

ఇంటాయన చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఊదలేదన్నాడు. మిషన్ స్టార్ట్ కాలేదట. ఎందుకు కాలేదో తెలుసుకుందామని, దాన్ని అక్కడే వదిలేసి ఇంట్లోకి వెళ్ళాడట. ఎక్కడ వదిలేశారని ముద్దాయి తరఫు లాయరు అడిగాడు. ఆ పెట్టె పక్కన.

ఆ లాయరు జుట్టు దువ్వుకోవడం మర్చిపోయిన మనిషి, సంచిలో ఇంకో పది కేసులు మోస్తున్నాడు. కానీ ఒక మంచి ప్రశ్న వేశాడు. ఆవిడ కారు ఆపినప్పుడు మీ ఫోన్‌కి అలర్ట్ వచ్చింది కదా అన్నాడు. వచ్చింది. మీరు ఫోన్‌లో చూస్తున్నారు కదా. చూస్తున్నాను. ఎక్కడ నిలబడి? వంటింట్లో. వంటింటి నుంచి తలుపుకి ఎంత దూరం?

"నాలుగడుగులు వెయ్యాలి."

"వేశారా?"

"లేదు. పోలీసులకి ఫోన్ చేశాను."

తలుపు తీసి, అమ్మా అది నాది అంటే ఈ ఆరుగురం, ఈ జడ్జి, ఈ ఇద్దరు లాయర్లు, ఇంత పెద్ద హాలు, అందరూ ఎవరి పనులు వాళ్ళు చూసుకునేవాళ్ళం. బస్సావిడ గట్టిగా ఊపిరి వదిలింది.

తర్వాత పోలీసు అధికారి. ముప్పై ఏళ్ళ లోపే ఉంటాయి. ఎంత మర్యాదస్థుడంటే ప్రమాణం చేయించిన గుమాస్తాకి కూడా థాంక్స్ చెప్పాడు. ఆవిడ కారుని రెండు వీధుల అవతల ఆపిన తీరు, డిక్కీ తెరిపించిన తీరు తన ఛాతీకున్న కెమెరాలో చూపించాడు. ముద్దాయి అందులో, ఇది ఫ్రీ కాదా, అయ్యో, వెనక్కి ఇచ్చేస్తాను అంటోంది. అధికారి మృదువుగా, అది ఇప్పుడు సాక్ష్యం కాబట్టి ఇవ్వడానికి వీల్లేదని చెబుతున్నాడు. మర్నాడు మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి, ఏది ఎక్కడుండేదో ఇంటాయన చూపిస్తే టేపుతో కొలిచాడట. పెట్టెకీ బ్లోయర్‌కీ మధ్య దూరం నాలుగడుగుల రెండంగుళాలు. రేఖాచిత్రం కూడా గీశాడు. చాలా నీటుగా ఉంది.

అయితే ఫ్రీ అని రాసిన ఆ అట్ట ఏదని లాయరు అడిగాడు. ఎటువైపు తిరిగి ఉందో, ఏమని రాసి ఉందో మాకు తెలియాలి కదా. అట్టని తీసుకోలేదన్నాడు అధికారి. అప్పటికే ఇంటాయన దాన్ని రీసైక్లింగ్ డబ్బాలో వేసేశాడు. అలా ఈ కేసులో దూరం భద్రంగా మిగిలింది, అట్ట పోయింది.

చివర్న ముద్దాయి తనే సాక్ష్యం చెప్పింది. చెప్పక్కర్లేదని జడ్జి గారు అన్నా చెబుతానంది. అవన్నీ కలిసి ఉన్నాయి, అన్నీ ఒకటే అనుకున్నాను అంది. ప్రభుత్వ లాయరు చురుకైన చిన్నమ్మాయి, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో అయినట్టు లేదు. ఆమె అడిగింది, అనుమానం వచ్చినప్పుడు బెల్ కొట్టి అడగొచ్చు కదా అని. అనుమానం రాలేదంది ముద్దాయి. అయినా బెల్ ఎందుకు కొట్టలేదు?

"నాలాంటివాళ్ళు బెల్ కొడితే ఎవరికీ నచ్చదమ్మా," అంది ఆవిడ. ఫిర్యాదులా అనలేదు. వానాకాలంలో వాన పడుతుందన్నట్టు చెప్పింది.

ఈ రెండు రోజులూ ఇంట్లో నా బతుకు వేరే శిక్ష. కేసు గురించి ఎవరితోనూ మాట్లాడకూడదని జడ్జి గారి ఆజ్ఞ. ఆఫీసులో కాఫీ మిషన్ పాడైనా ఇంటికొచ్చి అరగంట చెప్పే మనిషిని నేను. నోరు మూసుకుని చపాతీలు వత్తుతుంటే మా ఆయన చుట్టూ తిరిగాడు. హత్యా అని అడిగాడు. మాట్లాడలేదు. నేను మాట్లాడలేదు కాబట్టి హత్యేనని తేల్చుకున్నాడు. మర్నాటికి గ్రూపులో అందరూ నన్ను జాగ్రత్తగా ఉండమని, ముద్దాయి మనుషులు కారు వెంబడిస్తారేమో చూసుకోమని రాశారు. బ్లోయర్ మాఫియా. నేను దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను.

బుధవారం పొద్దున మమ్మల్ని ఆరుగుర్నీ ఒక గదిలో పెట్టి తలుపు వేశారు. కిటికీ లేదు. ఒక బల్ల, ఆరు కుర్చీలు, ఎప్పటిదో తెలియని బిస్కట్ల డబ్బా. బస్సావిడని మా జ్యూరీకి పెద్దగా ఎన్నుకున్నాం. ముప్పై ఏళ్ళు వెనకసీటు అల్లరిని అద్దంలో చూస్తూ బండి నడిపిన మనిషికన్నా అర్హత ఎవరికుంది? ఆవిడ కాగితం ముక్కలు పంచి, ముందు ఒక ఓటు వేద్దామంది. లెక్కపెడితే ముగ్గురు దోషి, ముగ్గురు కాదు.

దోషి అన్న ముగ్గురిలో నేనొకదాన్ని.

ఇంతసేపూ ఇంటాయన మీద, పోలీసు మీద వెటకారాలు ఆడి ఇదేమిటంటారా? నాకూ ఆ గదిలో నా కాగితం ముక్క చూసుకుంటే అదే అనిపించింది. నేనేమనుకున్నానంటే, ఇంటాయన ఎంత చాదస్తుడైనా చట్టం చట్టమే. ఆవిడది కాని వస్తువు, ఆవిడ అడగలేదు, తీసుకుంది. ఇంకా లోపల్లోపల ఒకటుంది. కొత్తగా పౌరురాలినైనదాన్ని, మొదటి పరీక్షలోనే మెత్తగా ఉన్నానని ఎవరైనా అనుకుంటారేమోనని. ఆ గదిలో నన్నెవరూ ఏమీ అనుకోవడం లేదు. వాళ్ళు మధ్యాహ్నం తిండి గురించి అనుకుంటున్నారు.

బూట్ల తండ్రి మొదట మాట్లాడాడు. ఇలా వదిలేస్తూ పోతే ఇక దేనికీ భద్రత లేదన్నాడు. నేను తలూపాను. బస్సావిడ ఎవరితోనూ వాదించలేదు. ఇక్కడ రోడ్డు పక్కన పెట్టిన వస్తువు ఎప్పుడైనా తెచ్చుకున్నవాళ్ళు ఎవరెవరు అని మాత్రం అడిగింది. ఆవిడ చెయ్యెత్తింది. ఇంకో ఇద్దరు ఎత్తారు. నేను చెయ్యి ఒడిలోనే పెట్టుకున్నాను.

ఇది నేను ఎవరికీ చెప్పని సంగతి. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మొదటి ఏడు, ఈ దేశపు దక్షిణాదిన ఒక యూనివర్సిటీ ఊళ్ళో నలుగురం అమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. తినడం, చదవడం, నిద్ర అంతా కార్పెట్ మీదే. కంచాల కింద ఉచిత పేపర్లు పరుచుకునేవాళ్ళం. ఒక ఆదివారం మధ్యాహ్నం ఎదుటి బిల్డింగ్ ముందు గడ్డిలో గుండ్రటి డైనింగ్ టేబుల్ కనిపించింది. టేకు రంగు, నాలుగు కుర్చీలతో. ఎంత బావుందంటే నలుగురం కిటికీ దగ్గరే నిలబడిపోయాం. అప్పటికి మాకు సీనియర్లు చెప్పి ఉన్నారు, బయట పెట్టినవి తెచ్చుకోవచ్చని. కిందకి దిగాం. ముగ్గురం టేబుల్ పట్టుకున్నాం. నాలుగో అమ్మాయి బిల్డింగ్ మూల దగ్గర నిలబడి అటూ ఇటూ చూసింది. ఎవరైనా వస్తే దగ్గమన్నాం. మూడు అంతస్తులు మోశాం. రెండోసారి కుర్చీల కోసం దిగినప్పుడు ఆ మూల దాటి అవతలికి వెళ్ళి చూస్తే, బిల్డింగ్ పక్కన సామాను లారీ ఆగి ఉంది. ఒక తండ్రీ కూతురూ అందులోంచి పరుపు దింపుతున్నారు. వాళ్ళు ఖాళీ చేయడం లేదు, చేరుతున్నారు. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కుర్చీలు కూడా పట్టుకెళ్ళాం. తలుపు వేసుకుని, ఆ సాయంత్రం దాకా లైటు వెయ్యలేదు.

ఆ టేబుల్ మీద రెండేళ్ళు తిన్నాం. నా మొదటి ఉద్యోగం అప్లికేషన్ దాని మీదే నింపాను. మీరు ఎప్పుడైనా నేరం చేసి పట్టుబడకుండా ఉన్నారా అని పౌరసత్వ అప్లికేషన్‌లో ఒక ప్రశ్న ఉంటుంది. లేదు అని టిక్ పెట్టాను. పెట్టేటప్పుడు టేబుల్ నిజంగానే గుర్తుకు రాలేదు. అంత బాగా మర్చిపోయాను.

బస్సావిడ ప్రశ్నకి ఎత్తినవాళ్ళు చేతులు దించారు. నేను వీడియో మళ్ళీ చూడొచ్చా అని అడిగాను. లాప్‌టాప్ తెచ్చిచ్చారు. ఈసారి లాన్ చూడలేదు. ఆవిడ మెడ చూశాను. కారు ఆపింది, దిగింది, ల్యాంపు తీసింది, కుర్చీ తీసింది, బ్లోయర్ తీసింది, డిక్కీ మూసింది. ఒక్కసారి కూడా తల తిప్పి ఇంటివైపు చూడలేదు. వీధి అటూ ఇటూ చూడలేదు. తన బట్టలు దండెం మీంచి తీసుకుంటున్నట్టు తీసుకుంది.

"ఆవిడ చుట్టూ చూడలేదు," అన్నాను.

అయితే ఏమిటన్నాడు బూట్ల తండ్రి.

"తెలిసి తీస్తేనే దొంగతనమన్నారు కదా జడ్జి గారు. తెలిసి తీసేవాళ్ళు చుట్టూ చూస్తారండీ. నాకు తెలుసు. నేను చూశాను."

తర్వాత టేబుల్ సంగతి చెప్పాను. లారీ, పరుపు, తండ్రీ కూతురు, మూల దగ్గర కాపలా, అన్నీ చెప్పాను. ఎందుకు చెప్పానో సరిగ్గా తెలియదు. సాక్ష్యం కింద మొదలుపెట్టాను, మధ్యలో అది ఇంకేదో అయిపోయింది. ఆపడం కుదరలేదు. చెప్పేశాక బల్ల మీద బిస్కట్ల డబ్బాని చూస్తూ కూర్చున్నాను. ఈ గదిలో ఒక దొంగ ఉందని, అది జ్యూరీ వైపు కూర్చుందని ఆరుగురికీ ఇప్పుడు తెలుసు.

బస్సావిడ నా వైపు నీళ్ళ సీసా జరిపింది. ఓటు మళ్ళీ వేద్దామంది. ఐదుగురు నిర్దోషి, ఒకరు దోషి. ఆ ఒకరు ఎవరో కాగితం విప్పక్కర్లేకుండానే తెలుసు. తన కూతురి బూట్లు తీసినవాడు కెమెరా వైపు చూసి మరీ టోపీ కిందకి లాక్కున్నాడని అన్నాడు ఆయన. ఆ మాట ఇంతకుముందు తనకి తట్టలేదన్నట్టు ఒక్క క్షణం ఆగాడు. తన కాగితం వెనక్కి తీసుకుని, కొట్టేసి, మళ్ళీ రాశాడు. ఆ తర్వాత మాతో ఎక్కువ మాట్లాడలేదు.

నిర్దోషి అని తీర్పు చదివినప్పుడు ముద్దాయి ఏడవలేదు, నవ్వలేదు. తన లాయర్ని ఏదో అడిగింది, ఆయన తలూపాడు. ఇక వెళ్ళొచ్చా అని అడిగి ఉంటుందనుకుంటాను. వెళ్తూ మా వైపు చూసి కొంచెం తల వంచింది. ఇంటాయన అప్పటికే ఫైలు మూసి బయటకి నడుస్తున్నాడు.

జడ్జి గారు మా సేవకి దేశం రుణపడి ఉందన్నారు. ప్రభుత్వ లాయరమ్మాయి మేమున్న గదికి వచ్చి, తను ఎక్కడ మెరుగుపడాలో చెప్పమని నోట్‌బుక్ తెరిచింది. అసలు ఇది ఎందుకు కోర్టుదాకా వచ్చిందని బస్సావిడ అడిగింది. ఇంటాయన వారం వారం ఫోన్ చేసేవాడని, ఫైలు తన చేతికి వచ్చేసరికే తేదీ పడిపోయిందని చెప్పి, ఆ పిల్ల అది కూడా నోట్‌బుక్‌లో రాసుకుంది.

పార్కింగ్‌కి వెళ్ళే తలుపు దగ్గర పోలీసు అధికారి ఎదురయ్యాడు. నా కోసం తలుపు పట్టుకున్నాడు. తన పనిలో ఏమైనా లోపం ఉందా మేడమ్ అని అడిగాడు, నిజంగా తెలుసుకోవాలనే. కొలతలు మాత్రం చాలా బాగా తీశారన్నాను. ఆయన మొహం విప్పారింది. ట్రైనింగ్‌లో తనదే మొదటి స్థానమట. బ్లోయర్ ఇప్పుడు ఎక్కడుందని అడిగితే, ఇంకా తమ సాక్ష్యాల గదిలోనే ఉందని, ఇంటాయన వచ్చి ఫారమ్ నింపి తీసుకెళ్ళాలని, కానీ ఆయన కొత్తది కొనుక్కున్నాడని చెప్పాడు.

ఇంటికి వెళ్ళి మొత్తం చెప్పాను. హత్య కాదని తెలిసి మా ఆయన కాసేపు కోలుకోలేదు. రెండు రోజులు గ్రూపులో తనకి దక్కిన గౌరవం ఇప్పుడెలా వెనక్కి ఇవ్వాలో తెలియలేదు మనిషికి. టేబుల్ సంగతి కూడా చెప్పాను. పెద్ద విషయమేం కాదులే, అప్పుడు చిన్నపిల్లలు అన్నాడు. ఇరవై మూడేళ్ళు నాకు అప్పుడు. మా అమ్మాయి పదో తరగతి. ఫోన్ పక్కన పెట్టి మరీ వింది. "అంటే అమ్మా, నువ్వు టేబుల్ స్టీల్ చేసి, ఆ ఆంటీని జడ్జ్ చేసావా?" అంది. అవునన్నాను. అంతకన్నా క్లుప్తంగా ఆ మూడు రోజుల గురించి నేనైనా చెప్పలేను.

శనివారం నా పాత రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. శాన్ రామన్‌లో ఉంటుంది, పెద్ద ఇల్లు, గేటు ఉన్న కాలనీ. ఆ రోజు మూల దగ్గర నిలబడి చూసింది తనే. కోర్టు కబుర్లు విని బాగా నవ్వింది. టేబుల్ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది.

"అది ఫ్రీయే కదే. బోర్డు ఉంది," అంది.

బోర్డు లేదన్నాను.

"ఉందే, నాకు బాగా గుర్తు. పసుపుపచ్చ కాగితం."

మరి లారీ సంగతేమిటన్నాను. ఏ లారీ అంది. నువ్వు కాపలా కాశావుగా, ఎవరైనా వస్తే దగ్గమన్నాం కదా అంటే, తను ఊరికే ఎండలో నిలబడిందని, అప్పుడు తనకి నిజంగానే దగ్గు ఉందని చెప్పింది. వాదించాలనిపించింది. తనకి చికెన్‌పాక్స్ వచ్చినప్పుడు ఆ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి నేను గంజి తాగించిన రోజులు గుర్తొచ్చి ఊరుకున్నాను. మా అమ్మాయి గురించి అడిగింది, నేను తన పిల్లల గురించి అడిగాను. పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేసింది.

రెండు నెలలు తన దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. తర్వాత ఒక రోజు తనే చేసింది, కొడుకు కాలేజీ అడ్మిషన్ల గురించి. గంటసేపు మాట్లాడుకున్నాం. టేబుల్ మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.